ఏది ముందైతే అది

గుడ్డ పిండి మూడోసారి తుడిచినా బానెట్ అంచున ఉన్న ఆ మరక పోలేదు. పొద్దున ఆరింటికి, పాప లేవకముందే, ఒక బకెట్ నీళ్లతో కారు తుడవడం మహిత రోజూ చేసే పని. ముందు అద్దాలు, తర్వాత తలుపులు, చివరికి చక్రాలు, ఆ వరుస తప్పదు. ఎనుమాముల మార్కెట్ దిక్కు నుంచి గాలి తిరిగితే తెల్లకారు మీద సన్నటి ఎర్రదుమ్ము పడుతుంది, మిరపకాయల సీజన్ కదా, తుడుస్తుంటే తుమ్ములొస్తాయి, కానీ అది మంచి దుమ్ము, నీళ్లు తగలగానే జారిపోతుంది. ఇది జారడం లేదు. చేమాకు మీద పడ్డట్టు నీటిచుక్కలు దాని మీద నిలిచి పక్కకు దొర్లుతున్నాయి. వేలితో రాసి చూసింది. జిగట. ముక్కు దగ్గర పెట్టుకోగానే పాప తల గుర్తొచ్చింది, మాడు మీద ఇంకా మెత్తగా కొట్టుకునే ఆ చోటు, రోజూ నీళ్లు పోసేముందు తాను రెండు చుక్కలు అద్దే చోటు. ఆముదం. తన చేతిదేనేమో అనుకుంది మొదట, నిన్న పాపకు నీళ్లు పోసి అదే చేత్తో వచ్చి ముట్టుకుందేమో. కానీ నిన్న ఆమె కారును ముట్టుకోలేదు. నిన్న అమావాస్య. అమావాస్యనాడు ఈ ఇంట్లో మగ్గం నడవదు, ఇప్పుడు మగ్గం లేదు కాబట్టి కారు నడవదు, నడవని బండిని తుడిచేదేముందని భర్త సుదర్శన్ ఆమెను కూడా ఆపాడు. మరి ఈ వేలు ఎవరిది.

వేలే అది, మరక కాదు. వంగి చూస్తే తెలుస్తోంది. వెడల్పుగా, గుండ్రంగా, ఒక బొటనవేలు. ఆమె గుడ్డ బకెట్ అంచున వేసి వంటింట్లోకి వెళ్లింది, గూట్లో ఆముదం సీసా తీసి వెలుతురుకు పట్టుకుంది. సీసా మీద ఆమె గీసిన పెన్ను గీతలున్నాయి, వారానికొకటి. ఈ అలవాటు ఊళ్లో బడి నేర్పిందే. నెక్కొండ దగ్గర ఆ బడిలో సదానందం సారు వానాకాలమంతా ఒక సీసాను గోడ మీద పెట్టించి, వాన పడ్డప్పుడల్లా ఎంత నిండిందో గీత గీయించేవాడు. పిల్లలందరూ రెండు రోజులు గీసి మరిచిపోయారు, మహిత ఒక్కతే వాన వెలిసేదాకా గీసింది. నువ్వు మాట్లాడవు గని అన్నీ చూస్తవే, అనేవాడు సారు. ఈ ఆముదం అమ్మ పంపింది, గింజలు వేయించి, దంచి, ఇంట్లో వండింది, నల్లగా, చిక్కగా, కమురు వాసనతో. పోయిన ఆదివారం గీసిన గీతకు ఇప్పుడున్న నూనెకు నడుమ నాలుగు వేళ్ల ఖాళీ. పాప మాడు నాలుగు వేళ్లు తాగదు. అత్త అనసూర్య మోకాళ్లకు రాసుకుంటుంది గాని, ఆమె పది రోజుల కిందే జనగామకు, పెద్దబిడ్డ కాన్పుకు పోయింది. సుదర్శన్‌కు ఈ వాసన పడదు, పాపను ఎత్తుకున్నప్పుడు కూడా తల పక్కకు తిప్పుకుంటాడు. ఇంట్లో ఉన్నది ఇంకెవరు.

ఆమెకు భయం వేయలేదు ముందు, నిజం చెప్పాలంటే ముచ్చటేసింది, ఒక చిక్కుపడ్డ నూలుకండె కొస దొరికినప్పటి ముచ్చట. కొస పట్టుకుని మెల్లగా లాగితే చాలు. బయటికొచ్చి మళ్లీ ఆ వేలిముద్ర చూసింది. మధ్యలో అడ్డంగా ఒక గీత, నూనె అంటని సన్నటి గీత. మామ కైలాసం కుడి బొటనవేలికి ఉంది ఆ గీత, పాత దెబ్బ, మరమగ్గం చక్రంలో పడి కోసుకుపోయి కుట్లు వేసిన చోటు. అన్నం కలిపేటప్పుడు చూసింది ఆమె, పాప బుగ్గ మీద ఆ వేలు పెట్టినప్పుడు చూసింది. ఇంకా ముందు, పెళ్లయి వచ్చిన కొత్తలో, వెనుక షెడ్డులో మగ్గం ఉన్నప్పుడు, అదే వేలితో ఆయన బెల్ట్‌ను నొక్కడం చూసింది. మోటారు నుంచి మగ్గానికి పోయే తోలు బెల్ట్, మనిషి అరచేయంత వెడల్పు. ప్రతి అమావాస్యకు, మగ్గం ఆగిన రోజున, తానం చేసి వచ్చి, దాని మీద ఆ వేలు పెట్టి నొక్కి, చెవి ఆనించినట్టు తల వంచి, ఎండింది అనో, బాగుంది అనో అనేవాడు. ఎండితే ఆముదం. గుడ్డను నూనెలో ముంచి, ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ, ఇంకో చేత్తో బెల్ట్ పొడుగునా తాగించేవాడు. రాయడమనడు, తాగించడమంటాడు. తోలు ప్రాణమున్న వస్తువు, దూప అయితది దానికి, అనేవాడు. దూప అయితే ఒర్రుతుంది, కీచుమని. ఒర్రినప్పుడు పట్టించుకోకపోతే తెగుతుంది. నలభై ఏండ్లలో తన బెల్ట్ ఒక్కటి కూడా చెప్పకుండా తెగలేదని ఆయన గొప్ప.

పోయిన ఏడు ఆ మగ్గాన్ని తునకలుగా అమ్మేశారు. దాని చోట, సుదర్శన్ కిరాయికి తిప్పే ఈ కారు వచ్చింది, ఆ ఇనుము పోయి ఈ ఇనుము వచ్చినట్టు. మామ అప్పటి నుంచి నాలుగింటికే లేస్తాడు, లేచి ఏం చేయాలో తెలియక అరుగు మీద కూర్చుంటాడు, ఐదున్నరకు చాయ్ హోటల్ దాకా నడిచి ఏడింటికి పాలప్యాకెట్ పట్టుకొని వస్తాడు. ఇప్పుడు అక్కడే ఉండి ఉంటాడు, చేతిలో గ్లాసు పట్టుకొని, ఎవరో చదివే పేపర్‌ను పక్క నుంచి చూస్తూ. నిన్న పగలు, సుదర్శన్ పడుకున్నప్పుడు, తాను పాపను జోకొడుతున్నప్పుడు, కారు దగ్గర ఏదో టక్కుమంది. బానెట్ మూసిన చప్పుడది. విన్నది, వీధిలో ఎవరిదో తలుపనుకుంది. విన్నది విననట్టే ఉన్నందుకు ఇప్పుడు తన మీద తనకు కోపమొచ్చింది.

ఎందుకంటే ఆ రోజు మెకానిక్ నబీ భాయ్ వచ్చినప్పుడు ఆమె గడప లోపల నిలబడి అంతా విన్నది. పది రోజుల కింద. సందు చివర ఆయన షెడ్డు, దారిన పోతూ ఆగాడు, బండి చప్పుడు జర వేరే ఉంది, చూడనీ సుదర్శన్, అని తానే బానెట్ ఎత్తించాడు. ఇంజను పక్కన నల్లటి ప్లాస్టిక్ మూత, దానికి రెండు క్లిప్పులు. వేళ్లతోనే విప్పాడు. లోపల పళ్ల చక్రం, చక్రం మీద నల్లటి బెల్ట్, వేలి వెడల్పే, లోపలి దిక్కు పళ్లు పళ్లుగా. నబీ దాన్ని రెండు వేళ్లతో కొంచెం మెలిపెట్టి చూపించాడు. చూడు, ఈ సన్న పగుళ్లు. ఇటు అంచుకు దారాలు లేస్తున్నయి. వీపు మీద గాజులెక్క మెరుస్తాంది చూడు, అట్ల మెరవొద్దు. అరుగు మీద నుంచి మామ అడిగాడు, ఏం నబీ, ఎండిందా. అవ్ కాకా, ఎండి పగుళ్లు పట్టింది, అన్నాడు నబీ. అంతే, ఆ ఒక్క మాట విని మామ తలూపి లోపలికి వెళ్లిపోయాడు, పాప ఏడిస్తే ఎత్తుకోవడానికి. అసలు సంగతి నబీ చెప్పింది ఆ తర్వాత. సుదర్శన్ నవ్వాడు, భాయ్, మీటర్ చూడు, డెబ్బై ఎనిమిది వేలే, లక్ష దాకా ఢోకా లేదని బుక్కులనే ఉన్నది. నబీ మూత పెడుతూ అన్నాడు, బుక్కుల ఇంకో లైన్ కూడ ఉంటది, అది కూడ చదువు. ఇది తెగితే కారు ఆగుడు కాదు తమ్మీ, ఇంజనే ఖతం.

సుదర్శన్ ఆ లైన్ చదవలేదు. మహిత చదివింది. కారు ముందు పెట్టెలో, బీమా కాగితాల కింద, ప్లాస్టిక్ కవర్‌లో ఉంది పుస్తకం, ఎవరూ మడత విప్పనంత కొత్తగా. చేతికొచ్చిన అక్షరమల్లా చదవడం ఆమెకు చిన్నప్పటి రోగం, విత్తనాల సంచి మీద రాసింది, మందు డబ్బా మీద రాసింది, బస్సు టికెట్ వెనుక రాసింది. పుస్తకం ఇంగ్లీషులో ఉంది. పాప పడుకున్న మధ్యాహ్నాలు మూడు పట్టాయి, ఫోన్‌లో ఒక్కో మాట వెతుక్కుంటూ. టైమింగ్ బెల్ట్, లక్ష కిలోమీటర్లు లేదా ఐదేండ్లు, ఏది ముందైతే అది. ఆ చివరి మాట దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. కారు వయసు ఏడేండ్లు. మొదట కొన్నాయన హన్మకొండలో ఎవరో పెద్దమనిషి, ఎక్కువ తిప్పలేదట, షెడ్డులోనే ఉంచాడట. తక్కువ తిరిగిన బండి అని సుదర్శన్ ఊరంతా చెప్పుకున్నాడు. తిరగకపోయినా బెల్ట్ ముసలిదవుతుందన్నమాట. ఊరికే కూర్చున్నా రబ్బరుకు వయసు ఆగదు. ఈ మాట చదివినప్పుడు అరుగు మీద కూర్చున్న మామ ఎందుకో కళ్ల ముందుకొచ్చాడు, వెంటనే పక్కకు తోసేసింది. దుమ్ములో, ఎండలో, ఆగి ఆగి నడిచే బండికైతే ఇంకా ముందే చూడాలట. మార్చేటప్పుడు దాన్ని బిగువుగా పట్టే చిన్న చక్రాలు కూడా మార్చాలట, వాటి వయసూ అంతే కదా. ఇంకా కింద, చిన్న అక్షరాల్లో, బెల్ట్ మీద నూనె గాని నీళ్లు గాని పడితే, ఎంత కొత్తదైనా సరే, వెంటనే మార్చాలి.

నూనె గాని.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని డ్రైవర్ తలుపు తీసింది. స్టీరింగ్ కింద మీట, సుదర్శన్ ఎక్కడ లాగుతాడో చూసింది. లాగితే బానెట్ చిన్నగా ఎగిరింది. చప్పుడు కాకుండా ఎత్తి, ఊత కడ్డీ పెట్టింది. లోపల ఇంజను చల్లగా, నిద్రపోతున్న గొడ్డు డొక్కలా ఉంది, నిన్నంతా నడవలేదు కదా. మూత రెండు క్లిప్పులు. ఒకటి వచ్చింది. రెండోది రాలేదు, గోరు విరిగింది, వచ్చింది. మూత వెనుక నుంచి ఆ వాసన ఒక్కసారిగా, అమ్మ ఇంటి పెరట్లో ఆముదం వండిన రోజు వాసన. బెల్ట్ నల్లగా నిగనిగలాడుతోంది. పళ్ల మధ్య సందుల్లో నూనె నిలిచి ఉంది, చక్రం అంచు నుంచి ఒక చుక్క వేలాడుతూ పడలేక ఉంది. ఎంత ఓపికగా పెట్టాడు. ఎక్కడా ఒలికించలేదు, కనిపించినంత మేర ఒక్క పన్ను కూడా వదల్లేదు. పక్కన, బయట కనిపించే ఇంకో బెల్ట్ ఉంది, ఏసీకి, బ్యాటరీకి కరెంటు చేసేదానికి పోయేది, చలిపొద్దున కీచుమని ఒర్రేది అది. దాన్ని ముట్టుకోలేదు. నబీ ఏది చూపి ఎండిందన్నాడో దానికే తాగించాడు. ఒక గుడ్డతో తుడిచేస్తే? ఆమె కొంగు అంచుతో ఒక పన్ను తుడిచి చూసింది. మెరుపు పోయింది, జిడ్డు పోలేదు. పగుళ్లలోకి దిగింది. దూప తీరా తాగింది.

మూత పెట్టేసి, బానెట్ దించి, దాని మీద చేతులానించి నిలబడింది. అద్దంలో వెనుక ఇంటి తలుపు కనిపిస్తోంది. ఇది తెగితే ఏమవుతుందో ఫోన్‌లో బొమ్మలతో చూపించారు, చూసింది నాలుగుసార్లు. పైన ఒక చక్రం, కింద ఒక చక్రం, రెండింటినీ ఈ బెల్ట్ ఒక్క లెక్కలో తిప్పుతుంది. కింది నుంచి పిస్టన్లు లేస్తాయి, పై నుంచి వాల్వులు దిగుతాయి, ఒకటి లేచే వేళకు ఇంకొకటి తప్పుకుంటుంది. బెల్ట్ తెగితే పైవి ఎక్కడివక్కడ ఆగుతాయి, కిందివి ఆగవు. ఆ బొమ్మ చూస్తున్నప్పుడే ఆమెకు తెలుసు, ఇది తాను ఇంతకుముందు చూసిందే. మగ్గం అది. నిలువు పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతాయి, ఆ సందులోంచి అడ్డనూలు మోసే నాడె ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది, పోయాక దువ్వెనలాంటి పన్నె వచ్చి ఆ అడ్డపోగును, పేకను, కొడుతుంది. విడిపోవడం, దూకడం, కొట్టడం. ఒకసారి, ఆమె పెళ్లయి వచ్చిన ఏడాది, నాడె నడుమలో ఉండగానే పన్నె వచ్చి కొట్టింది. బాంబు పేలినట్టయింది. వందల పోగులు ఒక్క దెబ్బకు తెగి, గాలికి జుట్టులా వేలాడాయి. మామ మోటారు ఆపి, కూర్చుని, ఒక్కో పోగును వెతికి ముడేయడం మొదలుపెట్టాడు. రెండు రోజులు పట్టింది. మహిత పోగులు అందించింది. ఆ రెండు రోజుల్లో వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు, కానీ ఈ ఇంట్లో ఆమెకు భయం పోయింది ఆ రెండు రోజుల్లోనే. ఇంజనులో తెగినవాటికి ముడులుండవు. అదీ హైదరాబాద్ రోడ్డు మీద, వెనుక లారీలు తరుముతుంటే, స్టీరింగ్ రాయిలా బిగుసుకుపోతే.

బాత్రూమ్‌లో నీళ్ల చప్పుడు మొదలైంది. సుదర్శన్ లేచాడు. ఎనిమిదింటికి, బండి మాట్లాడుకున్న రాజమౌళి సారును హైదరాబాద్ తీసుకుపోవాలి, కంటి ఆపరేషన్, భార్య పద్మలతమ్మ కూడా వస్తుంది. నిన్న ఫోన్‌లో స్నేహితుడు హమ్మాద్‌తో అంటుంటే విన్నది, నీకు రేపు కిరాయి లేదారా, అరె, నాకే ఉన్నది చూడు, అని నవ్వాడు. హమ్మాద్ బండి ఖాళీగా ఉంది. ఆ మాటను ఆమె మనసులో ఒక పక్కన పెట్టుకుంది, ఎందుకు పనికొస్తుందో తెలియకుండానే. ఇప్పుడు చెప్పేస్తే సరి. తలుపు అవతల నుంచి ఒక్క మాట, మీ నాయిన బెల్ట్‌కు ఆముదం పెట్టిండు. ఆ మాటను నాలుక మీద పెట్టి చూసుకుంది, తర్వాత ఏం జరుగుతుందో అంతా కనిపించింది. పోయిన ఎండాకాలం కూలర్ మోటారు కీచుమంటే మామ విప్పి గ్రీజు పెట్టాడు, అది కాలిపోయింది. సుదర్శన్ వీధిలో నిలబడి అరిచాడు, నీకు తెల్వదని ఎందుకు ఒప్పుకోవు నాయినా, ఇది నీ మగ్గం కాదు, జర చేతులు పెట్టకు దేన్లనన్నా. అంతే. ఆ తర్వాత నెల రోజులు మామ ఆ చేతుల్ని ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. బల్బు పోతే కూడా లేవలేదు. గ్లాసు ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టేవాడు. పాప పుట్టాక, పాప ఆయన బొటనవేలు పట్టుకున్నాక, మెల్లమెల్లగా ఆ చేతులు మళ్లీ కదిలాయి. నిన్న అవి దొంగతనంగానైనా పనికి లేచాయి. కొడుకు బండి క్షేమం కోసం లేచాయి. ఆ చేతుల్ని మళ్లీ ఒళ్లోకి పంపే మాట తన నోటి నుంచే రావాలా. రాకపోతే సుదర్శన్ ఎనిమిదింటికి తాళం తిప్పుతాడు.

ఇంకో దారి చూసింది. తలుపు దగ్గరికి పోయి అంది, "ఇగో, ఇయ్యాల్ల పోకముందు నబీ భాయ్‌కి బెల్ట్ చూపెడితే ఏమైతది?"

"మొన్ననే చూసిండు గదనే."

"మార్చుమన్నడు గద."

"మిరపకాయ సీజన్ అయినంక మారుస్త. ఇంక ఇరవై రెండు వేలున్నది." నీళ్లు గుమ్మరించుకున్న చప్పుడు. "నువ్వు ఎప్పటిసంది మెకానిక్ అయినవే? నబీ షెడ్డుల చేరుతవా ఏంది?"

"బుక్కుల ఐదేండ్లన్నది."

"బుక్కుల మస్తుంటయి. చాయ్ వెట్టు పో."

చాయ్ పెట్టింది. పాలు లేవు, డికాక్షన్ మరుగుతోంది, పాలు మామ తేవాలి. అత్త ఉంటే ఆమె చెవిలో వేసేది, ఆమె తన మాటగా మామకు చెప్పేది, ఈ ఇంట్లో కోడలి మాటకు మామ దగ్గరికి పోయే దారి అదే. మూడేండ్లలో ఆమె మామతో నేరుగా మాట్లాడింది తక్కువ, వడ్డించమంటరా, నీళ్లు పెట్టిన, అంతే. జనగామకు ఫోన్ చేయొచ్చు, కానీ అత్తకు బెల్ట్ సంగతి అర్థం చేయించేసరికి మధ్యాహ్నమవుతుంది. పాప లేచి కూనిరాగం తీసింది. ఎత్తుకుని, తడి మార్చి, గడపలో కూర్చుంది. ఏడవుతోంది. మూల తిరిగి మామ వస్తున్నాడు, ఎప్పటిలాగే కుడిచేతి దిక్కు నుంచి, తువ్వాల భుజం మీద, పాలప్యాకెట్ వేలికి తగిలించుకొని. కారు పక్క నుంచి వస్తూ బానెట్ మీద ఒకసారి అరచెయ్యి వేశాడు, ఎద్దు మూపురం మీద వేసినట్టు. అది చూశాక ఆమెకు ధైర్యం జారిపోయింది, వెంటనే ఇంకెక్కడి నుంచో వచ్చింది. మామ అరుగు మీద కూర్చుని పాలప్యాకెట్‌ను గడప దిక్కు జరిపాడు. ఆమె పాపను ఒళ్లో ఆయన వైపు తిప్పి కూర్చోబెట్టింది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకో దారి ఉంటుంది కదా, ఎప్పటినుంచో ఉన్నదే, ఇన్నాళ్లూ అవసరం పడలేదు.

"అక్షరా," అంది పాపతో, "మన ఆముదం సీస తాత తీసిండా బిడ్డా?"

మామ వీధి దిక్కు చూస్తూనే ఉన్నాడు. పెదవి చివర చిన్న నవ్వు. "తీసిండని చెప్పు బిడ్డా మీ అమ్మకు. చెప్పుడు మరిచిండట. నబీ ఎండిందన్నడు గద. మీ నాయినకు తీరికేడిది? అమావాస్యనాడు పెడితే నెల దాక ఫికర్ లేదు."

"తాతకు చెప్పు అక్షరా, గది తోలు కాదట. రబ్బరట. లోపల దారాలట, దాని మీద పండ్లట. నీకు కింద రెండొచ్చినయి చూడు, గసొంటియి, మస్తుగ. నూనె తాగితే పట్టు వదులుతదట, పండ్లు ఊడుతయట."

"తాగిపిస్తెనే బతుకుతది ఏ బెల్టయినా."

"తోలుకట. దీనికి ఒక్క సుక్క వడ్డా మార్చాల్నట. బుక్కుల రాసి ఉన్నదట."

మామ నవ్వు పోయింది, కానీ నమ్మకం పోలేదు. పాప వైపు తిరిగాడు, నిజంగా దాన్నే అడుగుతున్నట్టు. "తెగేముందు ఒర్రదా మరి? బెల్టన్నంక ఒర్రి చెప్తది గదనే."

"ఒర్రదట తాతా. చప్పుడు చెయ్యకుంటనే తెగుతదట."

పాప చెయ్యి చాచి ఆయన బొటనవేలు పట్టుకుంది, నోట్లో పెట్టుకోబోయింది, ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు. తువ్వాలకు రుద్దుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు. తర్వాత తలెత్తి, పాపను కాదు, మొదటిసారి మహిత ముఖంలోకే చూసి అడిగాడు.

"తెగితే?"

మూడు మధ్యాహ్నాలు చదివిన మాటలన్నీ, పిస్టన్లు, వాల్వులు, లక్ష కిలోమీటర్లు, అన్నీ ఆమె నోటి దాకా వచ్చి ఆగాయి. ఏవీ ఆయనవి కావు. ఆ రెండు రోజులు గుర్తొచ్చాయి, ఆయన ముడేస్తుంటే తాను పోగులందించిన ఆ రెండు రోజులు.

"నాడె నడుమల ఉండంగ పన్నె కొట్టినట్టు, మామా."

ఆయన కళ్లు ఒకసారి కారు దిక్కు పోయి, అక్కడే ఉండిపోయాయి. ఎన్ని పోగులో లెక్కపెడుతున్నాడని ఆమెకు అనిపించింది. లోపల గొళ్లెం తీసిన చప్పుడు, తడి తల తుడుచుకుంటూ సుదర్శన్ వస్తున్నాడు, చాయ్ అయిందా, సార్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసిండు, పద్మలతమ్మ అప్పుడే చెప్పులేసుకొని నిలబడ్డదట. ఆమె లేచింది, పాలప్యాకెట్ అందుకుంది. అందుకుంటూ అనుకుంది, ఇప్పుడు నేనే చెప్పాలి, ఆయన చెప్పలేడు, చెప్తే ఈయన అరుస్తాడు, అయినా సరే, అరవనీ, చెప్పాలి. నోరు తెరిచింది. అప్పటికే మామ ఆమె పక్కనుంచి లోపలికి వెళ్లాడు. మేకుకు వేలాడుతున్న కారు తాళంచెవి తీశాడు, చొక్కా జేబులో వేసుకున్నాడు, పైన చెయ్యి అదిమిపెట్టి బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు.

"నాయినా, గది నా తాళంచెవి. ఏడికి?" సుదర్శన్ తువ్వాల మెడలో వేసుకొని గడప దాకా వచ్చాడు. "నాయినా! సార్ ఎదురుచూస్తాండు. ఏందే మహితా, ఏమైంది గీయనకు?"

"హమ్మాద్ అన్నకు ఫోన్ చెయ్యి," అంది మహిత. "ఖాళీగనే ఉన్నడు. సార్‌ను తీసుకపోతడు."

"ఎందుకు?"

ఆమె మామనే చూస్తోంది. ఆయన కారు దగ్గర ఆగాడు. భుజం మీది తువ్వాల తీసి, ఎక్కడ తుడవాలో వెతుక్కోకుండా, బానెట్ అంచున ఆ ఒక్క చోట గట్టిగా తుడిచాడు. తువ్వాల మళ్లీ భుజం మీద వేసుకున్నాడు. జేబు మీద నుంచి చెయ్యి తీయకుండా నడిచాడు. సందు చివర, రోజూ కుడికి తిరిగే మనిషి, నబీ షెడ్డు ఉన్న ఎడమ దిక్కుకు తిరిగాడు.

కొడుకు రెండుసార్లు పిలిచాడు. ఆయన వెనక్కి చూడలేదు.